మెమో మీద బాపు పేరు

స్టాంపు కాయితాన్ని అన్న నిలువునా చింపిండు. చింపినోడు పారెయ్యలే, రెండు ముక్కలు ఒకదాని మీదొకటి పెట్టి, మడతేసి, ఖాకీ అంగీ జేబుల పెట్టుకున్నడు. మా అన్న వేణుమాధవ్‌కు ఎంత కోపమొచ్చినా ఇంట్ల చెత్త పడనియ్యడు.

"ఇగ పో. ఎట్ల పోతవో నేను చూస్త," అన్నడు. ఆటో స్టార్ట్ చేసుకొని చౌరస్తా దిక్కు పోయిండు.

నేను ఏడ్వలే. ఏడిస్తె పూటంత దానికే పోతది, నాకు గంత టైమెక్కడిది? చెప్పులేసుకొని నేను సుత చౌరస్తాకే పోయిన. నోటరీ సారు అప్పుడే షట్టర్ లేపుతున్నడు. నిన్న తీసిచ్చిన అఫిడవిట్టే కొత్త కాయితం మీద ఇంకోటి తీసియ్యుమన్న. పాతదేమైందని అడిగిండు. చినిగిందని చెప్పిన. ఎవలు చింపిర్రని ఇంకో మాట అడగలే. బొగ్గుబాయిల ఊర్ల నోటరీ ఆయె, ఇసొంటివి ఎన్ని చూసిండో.

మల్లొచ్చేటాలకు బాపు గడప మీద అట్లనే కూసోని ఉన్నడు. సోమారం నేను ఈ కాయితం ముచ్చట ఎత్తిన కాడి నుంచి ఇయ్యాల బుధారం దాక బాపు నోట్లెకెల్లి ఒక్క మాట రాలే. తినమంటె తింటున్నడు, లెవ్వుమంటె లేస్తున్నడు. దీని కంటె నాలుగు తిట్టినా నయముండు.

రేపు బేస్తారం బాపుకు కొత్తగూడెంల మెడికల్ బోర్డు. ముప్పై ఏండ్లు బాయిల దిగి ఎక్కిన మనిషికి ఇప్పుడు మా క్వార్టర్ మూడు మెట్లు ఎక్కితె ఆయాసమొస్తది. ఇగ పనికి పనికిరాడని బోర్డు రాసిస్తె ఆ కొలువు కొడుక్కు వస్తది. అన్నకు ఇంకో ఏడాదయితె వయసు దాటిపోతది. ఇద్దరు పిల్లలను పెట్టుకొని షేర్ ఆటో నడుపుకుంట, అన్న ఈ ఒక్క బేస్తారం కోసం ఎన్నేండ్ల సంది కండ్లు కాయలు కాసేటట్టు చూస్తున్నడో నాకు తెల్వదా?

నాకేమో శనివారం. మాల్దీవులల్ల ఒక దీవి మీద బడిల లెక్కల టీచరు కొలువొచ్చింది నాకు. బీఎడ్ అయినంక మొట్టమొదటి కొలువు. ఆ దీవి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తె పావుగంటనట. నాకు చదువు చెప్పిన అరుణకుమారి మేడం వాళ్ల చెల్లె ఆడ ఎనిమిదేండ్ల సంది సైన్సు చెప్తది, ఆమె చెప్తెనే అప్లై చేసిన. వీడియోల ఇంటర్వ్యూ చేసిర్రు. భిన్నాలు చిన్నపిల్లలకు ఎట్ల చెప్తవో చూపెట్టుమన్నరు. వంటింట్లకు ఉరికి అవ్వ కాల్చిన జొన్నరొట్టె తెచ్చి నాలుగు ముక్కలు చేసి చెప్పిన. వాళ్లు నవ్విర్రు, తీసుకున్నరు.

నిన్న మేడం మల్ల ఫోన్ చేసింది. "చూడు మమతా, వెయిటింగ్‌లో ఇంకో అమ్మాయి ఉందట. శనివారంలోగా కాగితాలు అందకపోతే వాళ్ళు నీ కోసం ఆగరమ్మా," అన్నది. కాకినాడ దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏండ్లయినా మేడం మాట మారలే. ఆమె గంత మెత్తగ చెప్పిందంటె పని చేతుల్నుంచి పోతున్నట్టే.

అడ్డం పడ్డది పేరు. ఆధార్ చూసి ఇచ్చిన నా పాస్‌పోర్టుల తండ్రి పేరు సదయ్య. పదో తరగతి మెమో నుంచి బీఎడ్ దాక నా చదువు కాయితాలన్నిటి మీద తండ్రి పేరు రాయమల్లు. వీళ్లిద్దరు ఎవలమ్మా అని సర్టిఫికెట్లు చూసే ఆఫీసోళ్లు కాయితాలు మల్లగొట్టిర్రు. ఇద్దరు లేరు. ఒక్కడే, మా బాపు.

బాపు అసలు పేరు రాయమల్లు. సదయ్య బాపుకు సొంత అన్న, నాకు పెద్దబాపు. బాయిల కొలువుకు కార్డు వచ్చింది పెద్దబాపుకు. ఆయన మొదటి రోజు లోపటికి దిగి, ఆ చీకటి చూసి ఎక్కొచ్చి, చస్తె సుత మల్ల దిగనని బీవండికి మగ్గాల పనికి పోయిండు. ఇంటికొచ్చిన కొలువును ఎవలన్న ఇడిసిపెడ్తరా? మా బాపమ్మ ఐలవ్వ రెండో కొడుకును అదే కార్డు మీద తోలింది. పేరేదైతేందిరా, బొగ్గుకు పేర్లు ఎరుకనా అన్నదట. ఆ కాలంల గట్ల దిగినోళ్లను మారుపేర్లోళ్లు అంటరు. ఎవలెవలో అందరికి ఎరుకే, ఎవలూ పైకి అనరు.

అన్నను బడిల ఏసేటప్పుడు బాపు తానే పోయి సదయ్య అని రాయించిండు. నా వంతు వచ్చేసరికి బాపు మొదటి షిఫ్టుల ఉన్నడు, అవ్వ పట్టుకపోయింది. తండ్రి పేరేందని సారు అడిగిండు. అవ్వ చెప్పలే. మొగని పేరు పలికితె మొగని ఆయుష్షు తగ్గుతదని మా అవ్వకు నమ్మకం. మూడుసార్లు అడిగి యాష్టకొచ్చి సారు నన్ను అడిగిండు. ఇంట్ల బాపమ్మ కొడుకును ఎట్ల పిలుస్తదో నేను గట్లనే చెప్పిన, రాయమల్లు అని. సారు రాసుకున్నడు. అవ్వ పక్కన్నే నిలవడి ఇన్నది. పిల్ల తప్పు చెప్పింది సారూ అందామంటె, ఒప్పు పేరు తాను పలకాలె. ఊకున్నది. గా ఊకునుడే ఇరవై ఏండ్లకు నా మెడకు చుట్టుకున్నది.

రెండు పేర్లు ఒక్క మనిషివే అని బాపు నోటరీ ముందల రెండు దస్కత్‌లు పెడితె నా కాయితాలు కదులుతయి. కానీ ఆ ముచ్చట బాయి ఆఫీసుకు తెలిస్తె అన్న కొలువు ఆగుతది. గిదీ మా ఇంటి లొల్లి.

నా చేతిల కొత్త కాయితం చూసి అవ్వ మొదలువెట్టింది. మా అవ్వ కనకవ్వ కోపం మొత్తం గిన్నెల మీద తీస్తది. అన్న నోట్లె మన్ను కొట్టి పోతవా అన్నది. అన్న పిల్లల మొకం చూడుమన్నది. ఈడ ప్రైవేటు బడులు లేవా అన్నది. నీళ్ల నడిమిట్ల దీవట, ఆ నీళ్లు పొంగితె ఏడికి ఉరుకుతవు అన్నది. నేను ఊకుండొచ్చు. ఆ బుద్ధి దేవుడు నాకియ్యలే.

"ముప్పై ఏండ్లు మొగన్ని భూమి లోపటికి తోలినవు గదనే. బిడ్డను నీళ్ల మీదికి తోలనీకె బుగులైతుందా?" అన్న.

అవ్వ చేతిల గంటె ఆగింది. అనొద్దని తెలిసే అన్న. అన్నంక నా పాణమే ఉసూరుమన్నది, అయినా మాట ఎనక్కు తీసుకోలే.

అన్న చెప్పేది సుత అన్యాయం కాదు. బోర్డు కానియ్యి, కొలువు కాయితం చేతికి రానియ్యి, అటెన్క బాపుతోని వంద దస్కత్‌లు పెట్టిద్దాం, నువ్వు వచ్చే ఏడాది పో అంటడు. వచ్చే ఏడాది దాక ఆ దీవి మీద నా కుర్చీ ఖాళీగ పెట్టుకొని కూసుంటరా? అదొక్కటే కాదు. ఒప్పుకునుడు ఎప్పుడైనా ఒప్పుకునుడే. ఇయ్యాలయితె రాని కొలువు పోతది. వచ్చే ఏడాదయితె చేరిన కొలువు పోతది. లెక్కల టీచరును, గీ మాత్రం లెక్క చెయ్యలేనా?

అర్రలకు పోయి నా సర్టిఫికెట్ల ఫైలు తెచ్చుకొని బాపు పక్కన గడప మీద కూసున్న. బాపు జరిగి జాగిచ్చిండు.

"బాపూ, నువ్వు పెట్టకుంటె పెట్టకు. నేనైతె ఆగ. ఈ దీవి కాకుంటె ఇంకో దీవి, పోతనైతె పోత. గానీ ఎందుకు పెట్టవో చెప్పు. అన్న కోసమేనా?"

బాపు తల అడ్డం ఊపిండు. మూడు దినాలకు వచ్చిన మొదటి జవాబు అది.

"రాయమల్లు సచ్చిపోయిండు బిడ్డా," అన్నడు. "నేనే చంపిన."

బాపు నిమ్మళంగ, ఆగుకుంట ఆగుకుంట చెప్పిండు. పన్నెండేండ్ల కింద పెద్దబాపు బీవండిల పాణం ఇడిసిండు. బాపు పోవాలె, లీవు కావాలె. అన్న సదయ్య సచ్చిండని ఎట్ల రాయిస్తడు? బాయి మీద సదయ్య తానే నాయె. నా తమ్ముడు రాయమల్లు చనిపోయినాడు అని క్లర్కుతోని రాయించి కింద దస్కత్ పెట్టిండు. ఐదు దినాల లీవిచ్చిర్రు. మల్లొచ్చినంక బాయి దోస్తులు ఇంటికొచ్చి పరామర్శ చేసిర్రట. పాపం, మీ తమ్ముడు మంచోడేనా అని అడిగిర్రట. మంచోడే అని చెప్పిండట మా బాపు.

"నా సావు నేనే చెప్పిన. నా పరామర్శ నేనే తీసుకున్న. గా కాయితం ఇంక బాయి ఆఫీసుల నా ఫైల్ల ఉంటది. సచ్చినోన్ని ఇప్పుడు ఎట్ల లేపాలె, చెప్పు."

అవ్వకు సుత ఈ ముచ్చట ఎరుక లేదు. వంటింటి తలుపు పట్టుకొని నిలవడ్డది. చెప్పుకుంటె మానం పోతది, చెప్పకుంటె పాణం పోతది అంటరు. మా బాపు పన్నెండేండ్ల సంది ఆ రెండింటి నడుమ షిఫ్టులు చేసిండు.

నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్న. పొద్దుగాల అన్న చింపినప్పుడు రానిది అప్పుడొచ్చింది. మొకం తుడుసుకొని ఫైలు ఇప్పిన. బాపు వేలు పట్టుకొని పదో తరగతి మెమో మీద పెట్టిన.

"ఈడ రాసున్నది నీ పేరు. రాయమల్లు. ఇంటర్ల సుత గిదే, డిగ్రీల గిదే, బీఎడ్‌ల గిదే. నువ్వు సచ్చినవని రాసిచ్చినంక సుత నేను ప్రతి ఏడు నీ పేరు మీదనే పరీక్ష రాసిన బాపూ."

ఆధార్ల లేదు ఆ పేరు, ఓటు కార్డుల లేదు, బ్యాంకుల లేదు. లోకంల మా బాపు బతికున్నడని చెప్పే కాయితాలు నా మెమోలొక్కటే. బాపు ఆ అక్షరాల మీద వేలు ఈ చివర నుంచి ఆ చివరికి జరిపిండు. మల్ల జరిపిండు.

"నా పేరు గింత పొడుగుంటదా?" అన్నడు.

నా ఫైలు ఒళ్లె పెట్టుకొని రోడ్డు దిక్కు చూసిండు. షిఫ్టు బస్సు పోయింది. దాన్ల నుంచి ఎవలో సదన్నా అని పిలిచి చెయ్యి ఊపిర్రు. బాపు చెయ్యి లేపలే.

"పెడ్త," అన్నడు. "గానీ నాకు సదయ్య అనే రాయొస్తది బిడ్డా. అది సుత బాయి మీద పెద్దోళ్ల బడి పెట్టినప్పుడు నేర్పిర్రు. ఇది రాయరాదు. నువ్వు పంతులమ్మవు గదా, నేర్పు."

గోడకున్న పోయినేడు క్యాలెండర్ దించి ఎనుక దిక్కు మర్లేసిన. పెద్ద పెద్ద అక్షరాలు రాసిచ్చిన. బాపు చేతివేళ్ల కణుపుల మీద బొగ్గు దెబ్బలు మానిన నీలం గీతలుంటయి. ఆ వేళ్లు బొగ్గెత్తే తట్టా చెమ్మస్ పట్టినట్టు పెన్ను పట్టినయి. రా వచ్చింది. య వచ్చింది. మ కాడ ఆగి, గీ రెండు ఒక్కతీరుగనే ఉన్నయేందని నా మీద గరమయిండు. ల కింద ఒత్తు పెట్టి కొమ్ము తిప్పేటాలకు చెమటలు పట్టినయి. ఒత్తెందుకు, ఊకె ల పెడితె కాదా అన్నడు. కాదు, మల్ల రాయి అన్న. నేను గరమయితె బాపు ఊకుండి రాసిండు. అవ్వ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది, అది అట్లనే సల్లారింది. క్యాలెండర్ పన్నెండు కాయితాలుంటె ఏడు నిండినయి. ఎనిమిదో దాని మీద నేను చూపెట్టకుండనే మొత్తం పేరు పడ్డది.

మధ్యాన్నం అన్న వచ్చిండు. బాపును బస్టాండుకు తీస్కపోయి, ఆయనెంబడి తాను సుత కొత్తగూడెం పోవాలె. బ్యాగు సదిరిర్రా అనుకుంట లోపటికొచ్చి, కింద పరిచున్న క్యాలెండర్ కాయితాలు చూసిండు. చదివిండు. నా దిక్కు చూసిండు. ఏం తిట్టలే. తిట్టకపోతె నాకు ఇంక కష్టమైంది.

బాపు గోడ పట్టుకొని లేచిండు. "వేణూ, బస్టాండుకు కాదు. ముందుగాల బాయి మీది ఆఫీసుకు పోనియ్యి."

నేను సుత అది అనుకోలే. నోటరీ దగ్గరికి పోదాం అంటడనుకున్న. దస్కత్ సల్లగ పెట్టి, దీవికి పంపి, అటెన్కది అటెన్క చూసుకుందాం అంటడనుకున్న. బాపు సగం సగం పని చేసే మనిషి కాదు.

"నా నోటితోని నేను చెప్తె తప్పు ఒప్పుకున్నట్టుంటది. వాళ్లంతల వాళ్లే పట్టుకుంటె దొంగను పట్టినట్టుంటది," అన్నడు. "రేపు బోర్డుల సదయ్యనని దస్కత్ పెట్టి నీకు కొలువు ఇప్పియ్యొచ్చు కొడుకా. ఇప్పిస్తె నువ్వు ఎన్నటికి బయటపడుతదో అని బుగులుతోని దిగుతవు, బుగులుతోని ఎక్కుతవు. ముప్పై ఏండ్లు నేను గట్లనే ఎక్కిన. గది నీకియ్య."

అన్న నవ్విండు. మంచి నవ్వు కాదు. చెల్లె సముద్రం దాటుతది, నువ్వు నీ పేరు తెచ్చుకుంటవు, నేనేం గావాలె అని అడిగిండు. ఆటో సీటు మీద ముసలోన్ని గావాల్నా అన్నడు. నేను ఆగనని నాకు తెలుసు, అన్న మొకం చూసుకుంట సుత తెలుసు. ఆ తెలుసుడు ఎంత బరువుంటదో ఆ పూట ఎరుకైంది.

అన్న అవ్వ దిక్కు తిరిగిండు.

"ఆఫీసుల ముందుగాల నిన్నే అడుగుతరు అవ్వా. పెండ్లానివి నువ్వే గదా, ఈ మనిషి పేరేందో నువ్వు చెప్పు అంటరు. ఆడ సుత బడిల ఊకున్నట్టు ఊకుంటవా? నువ్వు ఊకుంటె ఈయన మాట ఎవలు నమ్ముతరు?" అన్నడు. అవ్వకు ఎదురుంగ పోయి నిలవడ్డడు. "చెప్పు. ఇప్పుడు నా ముందల చెప్పు. ఈయన పేరేంది?"

అవ్వ చేతులు కొంగుకు తుడుసుకున్నది. అదే కొంగు తల మీదికి కప్పుకున్నది. బాపు దిక్కు చూసింది. బాపు గోడ పట్టుకొనే ఉన్నడు, లేచి నిలవడ్డ దానికే ఎద ఎగిరెగిరి పడుతున్నది. ఆ ఎదను చూసుకుంట ఆ పేరు పలకాలె అవ్వ. నేను అన్నను తిడ్దామని నోరు తెరిచిన. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయమల్లు," అన్నది.

చిన్నగనే అన్నది. ఎవలికీ ఇనపడలేదేమో అని మల్ల అన్నది, ఈసారి గట్టిగ. "రాయమల్లు. నా మొగని పేరు రాయమల్లు."

"ఆఁ," అని పలికిండు బాపు.

పెండ్లయిన ముప్పై ఐదేండ్లకు పేరు పెట్టి పిలిస్తె, ఎప్పుడూ పిలిచినట్టే పలికిండు. బాపమ్మ పోయినంక ఆ పేరుకు పలికే పని పడలే ఆయనకు. అవ్వ ఏడ్చుకుంటనే ముందుగాల బయటికి నడిచి ఆటోల కూసున్నది. బాపు ఎనిమిదో క్యాలెండర్ కాయితం మడతపెట్టి అంగీ జేబుల పెట్టుకొని మెట్లు దిగిండు, ఒక్కో మెట్టు మీద ఆగుకుంట. నేను ఫైలు పట్టుకొని, ఇంటికి తాళమేసి, వాళ్ల పక్కన ఎక్కిన.

ముందు సీటు ఖాళీగ ఉంది. అన్న వాకిట్లనే నిలవడ్డడు. పొద్దుగాల చింపిన కాయితం ముక్కలు జేబుల నుంచి తీసి చూసుకున్నడు, మల్ల లోపట పెట్టుకున్నడు. ఆటో తాళం చెవి ఆయన చేతిలనే ఉంది.